ఇంటికిచ్చిన బెల్లం

రెజీనా కట్టిన లోయలో ఎవరూ ఆగడం లేదు. ఆమెకొచ్చిన కష్టమల్లా అదే.

లోయ అంటే నిజం లోయ కాదు. విశాఖపట్నంలో ఒక కంపెనీ వాళ్ళు తయారుచేస్తున్న వీడియో గేమ్‌లోది. రాక్షసులూ మంత్రగాళ్ళూ తిరిగే పెద్ద లోకం అది. ఆడేవాళ్ళు ఎటు కావాలంటే అటు వెళ్ళొచ్చు, ఏ కొండైనా ఎక్కొచ్చు, ఏ తలుపైనా తట్టొచ్చు. ఆ లోకంలో కొండలూ వాగులూ ఎక్కడుండాలో, ఏ మలుపు తిరిగితే ఏం కనిపించాలో తీర్చిదిద్దడం రెజీనా ఉద్యోగం. చోడవరంలో వాళ్ళమ్మ వరమ్మ టైలరు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూతురి ఉద్యోగం గురించి అడిగితే "కంప్యూటర్లో కొండలేస్తాది" అని చెప్పి మళ్ళీ మిషను తొక్కుకునేది. అంతకంటే బాగా ఎవరు మాత్రం చెప్పగలరు!

లోయకి నీలిగట్టు అని పేరు పెట్టింది రెజీనా. ఈ చివర రాతి ద్వారం, ఆ చివర మంత్రగాడి బురుజు, మధ్యలో ఏడాదిగా ఆమె పడ్డ పాట్లు. జలపాతం వెనక గుహ తవ్వి, గుహలో బంగారం పెట్టె పెట్టింది. విరిగిన వంతెన కింద మరో పెట్టె. కూలిన విగ్రహం వెనక ఇంకో పెట్టె. తీరా చేస్తే, ఆడి చూసేవాళ్ళు ద్వారం దాటడం, బురుజు వైపు గుర్రాన్ని దౌడు తీయించడం, అంతే. జలపాతం వైపు తల తిప్పిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు.

అందరిలోకీ తొందర మనిషి ఉదయ్‌కుమార్. ఆటలు ఆడి తప్పులు పట్టడం కంపెనీలో అతని పని. సినిమాకి వెళ్తే సగంలోనే చివర ఏమవుతుందో పక్కవాళ్ళకి చెప్పేసే రకం. గాజువాక నుంచి రోజూ బండి మీద వస్తాడు, దారిలో ఏం చూశావంటే సిగ్నళ్ళు అంటాడు.

"బురుజు ఎదురుగా కనిపిస్తంటే పక్కకెందుకు ఎల్తానండీ రెజీనా గారూ? బస్సు కదుల్తుంటే ఎవడైనా పరిగెడతాడు గానీ రోడ్డు పక్కన పూలు కోస్తాడేటి?" అన్నాడతను.

రెజీనాకి ఒళ్ళు మండిపోయింది. అంతలా మండిందంటే అందులో ఎంతో కొంత నిజం ఉండే ఉంటుంది.

వాళ్ళ టీముకి పెద్ద ప్రేమ్‌కుమార్. మంచివాడే. కొండలు గీయడం తప్ప మరేమీ రాని రెజీనాని నమ్మి ఉద్యోగమిచ్చింది ఆయనే. అందుకే ఆయన చెప్పేసరికి మరీ బాధగా ఉంది.

"నీ లోయ ఫొటో తీసి గోడకి పెట్టుకునేటట్టుంది. కానీ ఎవరూ నిలబడట్లేదు కదా," అన్నాడు ప్రేమ్‌కుమార్. "శుక్రవారం అందరం కూర్చుని చూస్తాం. అప్పుడూ ఇంతే అయితే లోయ తీసేసి, ద్వారం నుంచి బురుజుకి చిన్న రోడ్డు వేసేద్దాం."

"ఇంకొన్ని పెట్టెలు పెడతానండీ."

"పెట్టెలకేం కరువమ్మా! వాటి కోసం ఎవరైనా పక్కకి తిరగాలిగా?"

శనివారం చోడవరం బస్సులో కిటికీ పక్కన కూర్చుని రెజీనా ఆ మాటే నెమరేసుకుంది. ఏడాది పాటు పెంచినదాన్ని తీసి పారేస్తామంటే ఎవరికైనా ఏడుపే వస్తుంది. బస్సు చెరకు తోటల మధ్య నుంచి పోతోంది. తోటల మీద ఒకచోట సన్నగా, తెల్లగా పొగ లేస్తోంది. ఎక్కడో బెల్లం వండుతున్నారు. ఆ పొగ చూడగానే, తను ఒకసారి దారి తప్పిన సంగతి ఆమెకి గుర్తొచ్చింది.

అప్పుడు రెజీనా రెండో తరగతి. గోవాడలో చుట్టాలింట్లో ప్రార్థన కూడిక ఉంటే వరమ్మ వెంట వెళ్ళింది. ఆ పాస్టరు గారు కళ్ళు మూసుకున్నారంటే లోకంలోని దేశాలన్నిటి కోసం పేరుపేరునా ప్రార్థించి గానీ తెరిచేవారు కాదు. ఇంకా మన రాష్ట్రం దాటకముందే రెజీనా నెమ్మదిగా లేచి బయటికి జారుకుంది. వీధి చివర ఆకాశంలో పంచదార ఫ్యాక్టరీ చిమ్నీ పొగ వదులుతూ కనిపించింది. పక్కనే కదా, ఇలా వెళ్ళి అలా చూసి వచ్చేద్దాం అనుకుంది. ఆ చుట్టుపక్కల పెరిగిన ప్రతి పిల్లా ఎప్పుడో ఒకప్పుడు చేసే పొరపాటే అది. ఆ చిమ్నీ ఎక్కడ నిలబడి చూసినా పక్క వీధిలో ఉన్నట్టే ఉంటుంది.

తోటలోకి దిగాక చెరకు తలకంటే ఎత్తయిపోయింది. చిమ్నీ కాసేపు కనిపిస్తుంది, కాసేపు కనిపించదు. కనిపించినప్పుడల్లా అంత దూరంలోనే ఉంటుంది. ఇక ఏడుపు లంకించుకునే వేళకి ఒక వాసన వచ్చింది. వేడి బెల్లం వాసన. తల ఎత్తితే చెరకాకుల మీద సన్నటి పొగ కనిపించింది. పిచ్చిపిల్ల చిమ్నీ పొగే కిందికి దిగిందనుకుని అటు నడిచింది.

చిమ్నీ లేదు గానీ, అక్కడొక తాటాకు పాక ఉంది. పాకలో పెద్ద పొయ్యి, దాని మీద మంచమంత పెనం, పెనంలో ఉడుకుతున్న పాకం. పెనం దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఆమె రెజీనాని ఏమీ అడగలేదు. కూర్చోమని చెయ్యి చూపించిందంతే. పెనం దిగాకనే అడ్డాకులో వేడి బెల్లం పెట్టి, "ఎవులింటి గుంటవే?" అని, ఎవరింటి పిల్లో ఆరా తీసింది. వెళ్ళేటప్పుడు ఒక ముద్ద కాగితంలో చుట్టి ఇచ్చి, రోడ్డు దాకా మనిషిని తోడిచ్చింది. ఆ రోజు తిన్నంత రుచైన వస్తువు రెజీనా మళ్ళీ ఎక్కడా తినలేదు. విశాఖపట్నం వచ్చాక కేకులూ ఐస్‌క్రీములూ చాలానే తింది, వాటికి ఏ లోటూ చేయలేదు, అయినా ఆ రుచి తగల్లేదు.

ఇన్నేళ్ళలో ఆవిడకి ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పలేదని బస్సులో కూర్చున్నప్పుడు తోచింది. లోయ ఉంటుందో పోతుందో తన చేతిలో లేదు. ఇదైతే తన చేతిలోనే ఉంది.

మర్నాడు ఆరాధన అయ్యాక ఆటో ఎక్కి గోవాడ వైపు వెళ్ళింది. చుట్టాలింటి దగ్గర దిగి, చిన్నప్పుడు దిగినచోటే తోటలోకి దిగింది. చిమ్నీ అక్కడే నిలబడి ఉంది. పొగ ఉన్నా లేకపోయినా ఆ వైపు జనానికి దిక్కు చెప్పేది అదే. పది బారలు నడిచేసరికి చెరకు దాన్ని మింగేసింది. గట్టు మలుపు తిరిగితే మళ్ళీ తల చూపించింది, మళ్ళీ మాయమైంది. అది మాయమైనప్పుడల్లా రెజీనా కళ్ళు వాటంతట అవే పక్కలకి తిరుగుతున్నాయి. ఒకచోట బోదెలో నీళ్ళు, ఒకచోట ఎవరో గట్టు మీద వదిలేసిన చెప్పులు. చిమ్నీ కనిపిస్తున్నంతసేపూ ఇవేవీ కంటికి ఆనలేదు.

అక్కడికక్కడే నిలబడిపోయింది రెజీనా. నీలిగట్టులో బురుజు ఎక్కడి నుంచి చూసినా కనిపిస్తుంది. అంత ఎత్తున, అంత బాగా కనిపించేలా కట్టానని ఆమెకి ఎంత గొప్పో! ఇక పక్కకి చూసేవాడెవడు?

కాసేపటికి వాసన తగిలింది. ఆ తర్వాత పొగ కనిపించింది. ఆ తర్వాత పాక. తాటాకుకి బదులు రేకులు వచ్చాయి గానీ, పెనం అదే, పెనం దగ్గర నిలబడ్డ మనిషీ ఆవిడే. జుట్టు తెల్లబడింది. సన్యాసమ్మ అని పేరు దారిలో కనుక్కుంది రెజీనా.

"మామ్మా..."

సన్యాసమ్మ తలైనా తిప్పలేదు. "కూకో. పెనం దిగనీ," అంది, పాకం మీద నుంచి చూపు తీయకుండా.

రెజీనా చెరకు పిప్పి మోపు మీద కూర్చుంది. ఇంతలో ఫోను మోగింది. ప్రేమ్‌కుమార్. శుక్రవారం సంగతే అయ్యుంటుందని కంగారుగా లేచి బయటికి నడవబోయింది.

"ఎక్కడికే?" అంది సన్యాసమ్మ. "పెనం మీద పాకముండగా వచ్చిన మనిషి దిగేదాకా ఎల్లకూడదు. ఎల్తే బెల్లం కట్టదు."

"ఆఫీసు నుంచి మామ్మా. మా పెద్దాయన."

"పెనం మీదున్నాదని సెప్పు మీ పెద్దాయనికి."

పెద్దాయనకి అలాగే మెసేజ్ పెట్టింది రెజీనా. ఏ పెనం అని ఆయన అడిగాడు. రెజీనా ఫోను సంచిలో పడేసింది.

ఇక చేసేదేమీ లేక చూస్తూ కూర్చుంది. మొదట పాకం పెద్ద బుడగలతో గలగలలాడింది. తర్వాత బుడగలు చిన్నవై రంగు ముదిరింది. సన్యాసమ్మ గరిటెతో కాస్త తీసి నీళ్ళ చెంబులో వేసి వేలితో నొక్కి చూసింది, ఇంకా కాలేదని తల ఊపింది. రెజీనాకి తెలియకుండానే నోరూరడం మొదలైంది. మళ్ళీ చూసిందావిడ, మళ్ళీ తల ఊపింది. మూడోమాటు "లెగండి!" అని కేక వేసేసరికి, పాకలో ఉన్నవాళ్ళంతా వచ్చి పెనాన్ని ఒడిసిపట్టి తొట్టెలోకి వంచారు. రెజీనా కూడా లేచి నిలబడిపోయింది, తనేదో సాయం పట్టినట్టు.

అప్పుడు సన్యాసమ్మ చేతులు కడుక్కుని, అడ్డాకులో వేడి బెల్లం వేసి తెచ్చి, మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. "ఎవులింటి గుంటవే?"

ఆ మాటకి రెజీనాకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. తింటూ, వేళ్ళు కాల్చుకుంటూ చిన్ననాటి సంగతంతా చెప్పింది. సన్యాసమ్మ శ్రద్ధగా వింది.

"ఏమో అమ్మా. నాకు గుర్తునేదు. ఏటేటా ఎంతమంది గుంటలొస్తారో."

"నీకు థాంక్స్ సెప్పుకుందామని వచ్చేను మామ్మా."

"దేనికే?"

"అప్పుడు పెట్టేవు కదా."

"ఎవులొచ్చినా పెడతాం. వచ్చిన మనిషికి పెట్టకండా మనమెలగ తింటాం?"

ఆవిడకి తను గుర్తు లేనందుకు రెజీనాకి లోపల ఎక్కడో చివుక్కుమంది. ఆకులో బెల్లం ఇంకా సగం ఉండగానే ఆ బాధ పోయింది. ఆ రోజు దొరికింది తన కోసం ఎవరో దాచిపెట్టింది కాదు. పొగ చూసి అటు తిరిగిన ప్రతివాళ్ళకీ దొరికేది. అయినా ఇన్నేళ్ళూ అది తనొక్కదానిదే అనుకుంది. తను మాత్రం లోయ నిండా పెట్టెలు పెట్టి, పెట్టె దగ్గర ఒక్క మనిషిని పెట్టలేదు. వచ్చినవాణ్ణి కూర్చోమన్నవాళ్ళు లేరు, నువ్వెవరని అడిగినవాళ్ళు లేరు. అలాంటి ఇంటికి చుట్టాలు మాత్రం ఎందుకొస్తారు?

"నీ మాట రికార్డు చేసుకోనా మామ్మా? నేను చేసే ఆటలో నిన్ను పెడతాను."

"ఏం ఆట?"

"రాక్షసులుంటారు, మంత్రాలుంటాయి..."

"అందులో నానేటి సెయ్యాల?"

"బెల్లం వండాల."

"అదయితే వచ్చు," అంది సన్యాసమ్మ, బరువు దిగినట్టు.

మాటా, ఫోను నంబరూ ఎక్కించుకుని రెజీనా వెళ్ళబోతుంటే, చేతిలో కాగితం పొట్లం పెట్టిందావిడ. "ఇది ఇంటికి. ఒట్టి సేతుల్తో ఎల్లకూడదు."

ఇంటికొచ్చి పొట్లం అమ్మకిచ్చింది. వరమ్మ విప్పి చూసి, మిషను మీద చెయ్యి అలాగే ఉంచేసింది.

"ఆ రోజు నిన్ను నాలుగు బాదుదామని సెయ్యెత్తేను. ఎంత ఏడ్చేనో నాకు తెలుసు, దేవుడికి తెలుసు. నువ్వేమో 'ఇంటికిచ్చింది' అని బెల్లం సాచేవు. ఇంకెలగ కొడతాను?" అంది. రెజీనా ముక్క విరవబోతే చేతి మీద చిన్నగా కొట్టి, "ముందు స్తోత్రం సెప్పు," అంది. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. వరమ్మ ప్రార్థనలో దేశాలేవీ లేవు, బెల్లం వండిన చేతులు చల్లగా ఉండాలని మాత్రం అంది. రెజీనా ఆమెన్ అంది, అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు.

సోమవారం ఆఫీసుకి వెళ్ళి ముందు పెట్టెలు చాలావరకు తీసేసింది. దారిని పల్లంలోకి దించి, రెండు పక్కలా గుర్రం మీది మనిషికి కూడా అందనంత ఎత్తు గడ్డి పెంచింది. బురుజు కాసేపు కనిపించి కాసేపు దాక్కునేలా మలుపులు తిప్పింది. అది దాక్కునేచోట ఒక పక్కన సన్నటి పొగ లేపింది. పొగ కింద పాక, పాకలో పెనం, పెనం దగ్గర మామ్మ. వచ్చినవాడు పెనం దిగేదాకా కూర్చుంటే బెల్లం దొరుకుతుంది, మధ్యలో లేచిపోతే లేదు. చివర్లో ఇంటికని ఒక ముద్ద ఇస్తుంది. అది తింటే ఎంత దెబ్బలు తిన్నవాడికైనా ప్రాణం పూర్తిగా తిరిగొస్తుంది.

"డబ్బు పెట్టి ఆట కొన్నవాణ్ణి ఊరికే కూర్చోబెడతావా?" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"కూర్చోబెడతానండీ," అంది రెజీనా.

శుక్రవారం భోజనాలయ్యాక పెద్ద తెర ముందు అందరూ చేరారు. ఆడేది ఉదయ్‌కుమార్. ఇంతకంటే కఠినమైన పరీక్ష ఆ భవనంలో లేదు. రెజీనా గోడకి ఆనుకుని, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

ఉదయ్‌కుమార్ ద్వారం దాటి, అలవాటుగా దౌడు తీయించాడు. గడ్డి లేచింది. బురుజు మాయమైంది. "ఇదేటి, బురుజేదీ?" అంటూ గుర్రాన్ని నెమ్మది చేశాడు. మలుపులో బురుజు తొంగి చూసి మళ్ళీ దాక్కుంది. అతను ఆగాడు.

"అక్కడేదో పొగొస్తంది," అన్నాడు ఉదయ్‌కుమార్. ఎవరితోనో కాదు, తనలో తనే. గుర్రం పక్కకి తిరిగింది.

పాకలో తెర మీది మామ్మ "కూకో. పెనం దిగనీ," అంది. కూర్చున్నాడు. కాసేపు కాలు ఆడించాడు. తర్వాత కాలు ఆగింది. మామ్మ పాకం నీళ్ళలో వేసి చూసి తల ఊపినప్పుడు ప్రేమ్‌కుమార్ ఏదో అనబోతే, "ఉండండి సార్, అయిపోవచ్చింది," అన్నాడు. పెనం దిగింది. మామ్మ ఆకు చేతికిచ్చి అడిగింది.

"ఎవులింటి గుంటడివిరా?"

"మాది గాజువాక మామ్మా," అన్నాడు ఉదయ్‌కుమార్, పైకే. గదంతా ఘొల్లుమంది. అతనూ సిగ్గుపడి నవ్వాడు గానీ, చేతిలో కంట్రోలర్ దించలేదు.

ఇంటి ముద్ద సంచిలో వేసుకుని బయల్దేరాక ఆ మనిషి తీరే మారిపోయింది. వాగు దగ్గర ఆగాడు. వంతెన కిందికి తొంగి చూశాడు. ఇన్నాళ్ళూ మొహం చూసే దిక్కులేని జలపాతం వెనక్కి కూడా వెళ్ళి, "ఓర్నీ, ఇక్కడ గుహ ఉందా!" అన్నాడు. ఆ గుహ ఏడాదిగా అక్కడే ఉంది నాయనా అని అరవాలనిపించింది రెజీనాకి.

చివరికి బురుజు దగ్గర కాపలా రాక్షసుడు ఎదురయ్యాడు. ఉదయ్‌కుమార్ కొట్టాడు, అంతకు రెండింతలు దెబ్బలు తిన్నాడు. ప్రాణం చూపించే ఎర్ర గీత అడుగంటింది.

"బెల్లం తిను!" అన్నారు వెనక నుంచి ఎవరో. "సంచిలో ముద్ద ఉంది కదా, తినవయ్యా!"

"అది ఇంటికిచ్చిందండీ," అన్నాడు ఉదయ్‌కుమార్, చూపు తిప్పకుండా.

రాక్షసుడు గద దించాడు. వీరుడు పడిపోయాడు. ద్వారం దగ్గర మళ్ళీ ప్రాణం పోసుకుని లేవగానే ఉదయ్‌కుమార్ చేసిన మొదటి పని సంచి తెరిచి చూసుకోవడం.

"ఉంది," అన్నాడు.

ప్రేమ్‌కుమార్ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు. "లోయ ఉంటుంది రెజీనా," అన్నాడు.

రెజీనా వరండాలోకి వచ్చి ముందు అమ్మకి చెప్పింది. తర్వాత సన్యాసమ్మకి ఫోను చేసింది. పెనం మీద ఏమీ లేదు కాబట్టి ఆవిడ వెంటనే మాట్లాడింది. లోయ నిలబడిందన్న సంగతి ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడం ఎలాగో తెలియక, ఉదయ్‌కుమార్ సంగతి చెప్పింది. "నువ్విచ్చిన ముద్ద తింటే బతికిపోయీవోడు మామ్మా. ఇంటికిచ్చిందని తినలేదు. దెబ్బలు తిని పడిపోయేడు."

"అయ్యో నా తండ్రీ!" అంది సన్యాసమ్మ. నిజంగానే బాధపడింది. "తినీమని సెప్పకపోయేవా? మళ్ళీ వస్తే ఇంకో ముద్ద ఇత్తును కదా!"

రెజీనా లోపలికి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని, ముద్ద తినేసి మళ్ళీ వచ్చినవాడికి మామ్మ ఇంకొకటి ఇచ్చేలా మార్చింది. ప్రేమ్‌కుమార్ వచ్చి భుజం మీదుగా చూశాడు.

"అడిగినప్పుడల్లా ఇస్తే ఎలాగ? పది మార్లే అనో ఎంతో ఒక హద్దు పెట్టు."

"ఆవిడ హద్దు పెట్టలేదండీ," అంది రెజీనా.